అంచులో మూడు నీలి పోగులు: పెట్టుబడిదారీ విధానం, రాజ్యం

(బందరులో చేసిన ప్రసంగానికి పాఠం)

అందరికీ నమస్కారం. పెట్టుబడిదారీ విధానం ఎదగడంలో రాజ్యం పాత్ర గురించి మాట్లాడమన్నారు. వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లతో మొదలుపెట్టి దక్షిణ కొరియా దాకా లాగితే భోజనాల వేళ దాటిపోతుంది. అందుకని ఒకే దేశం, ఒకే సరుకు తీసుకుంటాను. దేశం ఇంగ్లండు, సరుకు నూలు గుడ్డ. బందరులో కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఇంకో సరుకు ఎందుకు?

స్కూల్లో మనందరికీ చెప్పిన కథ ఒకటుంది. హార్‌గ్రీవ్స్ స్పిన్నింగ్ జెన్నీ కనిపెట్టాడు, ఆర్క్‌రైట్ నీటితో నడిచే నూలు వడికే యంత్రం, వాటర్ ఫ్రేమ్, తెచ్చాడు, వాట్ ఆవిరి యంత్రాన్ని బాగు చేశాడు, వ్యాపారులు డబ్బు పెట్టారు, పారిశ్రామిక విప్లవం వచ్చేసింది. మరి ఇంతసేపూ ఇంగ్లండు ప్రభుత్వం ఏం చేస్తోంది? ఏమీ చెయ్యలేదట. చేతులు కట్టుకుని పక్కన నిలబడిందట, అదే దాని గొప్పతనమట. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఈ సంగతి మేమూ రాశాం, మా తర్వాతవాళ్లూ రాస్తున్నారు. ఈ కథలో యంత్రాల భాగం నిజమే. చేతులు కట్టుకున్న ప్రభుత్వం మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ కాలపు చట్టాలు తిరగేస్తే గుడ్డ ఎవరు నెయ్యాలి, ఎవరు అద్దాలి, ఎవరు కట్టుకోవాలి అనే దాకా అన్నీ ప్రభుత్వమే చెప్పింది.

కథ మొదలయ్యేది ఇక్కడే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి చార్టర్ ఇచ్చింది. అంటే తూర్పు దేశాలతో వ్యాపారం ఈ కంపెనీ తప్ప ఇంకే ఇంగ్లీషువాడూ చెయ్యకూడదని రాణిగారి ముద్రతో గుత్త హక్కు. మనం ప్రైవేటు కంపెనీ అనుకునేది పుట్టడమే రాజ్యం ఇచ్చిన కాగితంతో పుట్టింది. 1611లో వాళ్ల ఓడ గ్లోబ్ బందరు రేవుకి వచ్చింది. డచ్చివాళ్లు అప్పటికే ఇక్కడున్నారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువాళ్లకి బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏటా 500 పగోడాలు, అంటే వరహాలు, కడితే చాలు, రాజ్యంలోని రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చు. సుల్తానుకి వాళ్లు సుంకం కట్టే చాలామంది వర్తకుల్లో ఒకరు, అంతకంటే ఏం లేదు.

వాళ్లకి కావలసింది మన గుడ్డ. కృష్ణ లంకల్లో, నిజాంపట్నం చుట్టుపక్కల ఇసుక నేలల్లో దొరికే చిరివేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకైనా పోదు. యూరపులో అప్పటికి అలా రంగు నిలిపే విద్య లేదు. ఉన్ని గుడ్డ బరువు, పట్టు ఖరీదు. తేలిగ్గా ఉండి, ఉతికినా రంగు పోని పువ్వుల గుడ్డ చవగ్గా దొరుకుతుంటే ఎవరు వదులుకుంటారు? 17వ శతాబ్దం చివరికి లండనులో దొరసాని నుంచి పనిమనిషి దాకా మన అద్దకం గుడ్డ మీదే మోజు. కిటికీ తెరలు, పరుపు దుప్పట్లు, కుర్చీ గలీబులు కూడా అవే.

మార్కెట్టుకే వదిలేసి ఉంటే తర్వాతి కథ ఊహించడం కష్టం కాదు. చవగ్గా, మేలుగా ఉన్న సరుకు నిలబడుతుంది, ఇంగ్లండు ఉన్ని నేతవాళ్లూ పట్టు నేతవాళ్లూ వేరే పని వెతుక్కుంటారు. ఆ నేతవాళ్లకీ ఈ సంగతి తెలుసు. 1697లో లండను పట్టు నేతవాళ్లు ఈస్టిండియా కంపెనీ ఆఫీసు మీదికి వెళ్లి దాడి చేశారు. 1700లో పార్లమెంటు చట్టం చేసింది: ఇండియా, పర్షియా, చైనాల నుంచి రంగు వేసిన, అద్దకం వేసిన నూలు గుడ్డ ఇంగ్లండులో వాడకానికి తేకూడదు. తెచ్చి గోదాములో పెట్టి, మళ్లీ బయటి దేశాలకి ఎగుమతి చేసుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటు చిన్నదేమీ కాదు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో మనుషుల్ని బానిసలుగా కొనడానికి మారకంగా ఎక్కువగా నడిచిన సరుకుల్లో ఇండియా నూలు గుడ్డ ముఖ్యమైనది. ఇంగ్లీషు ఆడవాళ్లు కట్టుకోకూడని గుడ్డ ఆఫ్రికాలో మనుషుల్ని కొనడానికి పనికొచ్చింది.

1700 చట్టంలో ఒక కంత ఉంది. తెల్ల గుడ్డ తేవద్దని అందులో లేదు. దాంతో కంపెనీ ఇక్కడి నుంచి తెల్ల గుడ్డ తీసుకెళ్లేది, లండను చుట్టుపక్కల అద్దకం వర్క్‌షాపులు దాని మీద అచ్చులు కొట్టేవి. మోజు తగ్గలేదు. 1719 వేసవిలో పట్టు నేతవాళ్లు మళ్లీ వీధుల్లోకి వచ్చి అద్దకం గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించారు, సిరా చల్లారు, ఆసిడ్ కూడా చల్లారు. వాళ్ల ఆకలి నిజమే, చేసింది మాత్రం దౌర్జన్యం. సైన్యం దిగింది, కొందరు జైలుకి పోయారు. రెండేళ్లకి పార్లమెంటు వాళ్లు అడిగిందే చేసింది.

1721 చట్టాన్ని కాస్త దగ్గర్నుంచి చూద్దాం. 1722 డిసెంబరు 25 నుంచి, అంటే సరిగ్గా క్రిస్మస్ రోజు నుంచి, అద్దకం వేసిన నూలు గుడ్డ అమ్మడమే కాదు, ఒంటి మీద వేసుకోవడం కూడా నేరం. వేసుకున్నవాళ్లకి 5 పౌన్లు, అమ్మినవాళ్లకి 20 పౌన్లు జరిమానా. 5 పౌన్లంటే ఆ రోజుల్లో కూలి మనిషికి కొన్ని నెలల సంపాదన. పైగా ఆ 5 పౌన్లు పట్టిచ్చినవాడికే ఇస్తారు. అంటే పక్కింటివాళ్ల పెరట్లో ఏం ఆరేశారో చూసుకోమని ప్రభుత్వమే చెప్పినట్టు. పరుపుల మీద, కుర్చీల మీద, కిటికీలకి కూడా ఆ గుడ్డ ఉండకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: మస్లిన్, మొత్తం నీలిరంగు వేసిన గుడ్డ, ఫస్టియన్. ఫస్టియన్ అంటే నార పడుగు (నిలువు పోగులు), నూలు పేక (అడ్డ పోగులు) కలిపి లాంకషైర్‌లో నేసే ముతక గుడ్డ.

ఈ ఫస్టియన్ మినహాయింపు ఎవరూ పెద్దగా పట్టించుకోని తోక. లాంకషైర్ వాళ్లు దాన్నే పట్టుకున్నారు. వాళ్ల దగ్గర వడికే నూలు పడుగుకి ఆగేది కాదు, తెగిపోయేది. అందుకే పడుగుకి నార, పేకకి నూలు. దాని మీద అచ్చు కొడితే దూరం నుంచి చూసినవాడికి మన గుడ్డలాగే ఉంటుంది. ఉన్ని వ్యాపారులు మళ్లీ గోల పెడితే 1736లో మాంచెస్టర్ చట్టం అని ఒకటి చేసి ఇది చట్టబద్ధమేనని తేల్చేశారు. బయటి మేలురకం సరుకు లోపలికి రాలేదు, లోపల నాసిరకం సరుకుకి కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నారు. అలా ఒకటి కాదు, 50 ఏళ్లు గడిచాయి. ఆ 50 ఏళ్లలో అద్దకం పనివాళ్లు, రంగులవాళ్లు, చెక్క అచ్చులు చెక్కేవాళ్లు, అప్పులిచ్చే వర్తకులు అందరూ అక్కడ తయారయ్యారు.

తర్వాత 1769లో ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేముకి పేటెంటు తీసుకున్నాడు, 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు పెట్టాడు. ఈ యంత్రం నూలు పడుగుకి ఆగుతుంది. మొట్టమొదటిసారి ఇంగ్లండులో పడుగూ పేకా రెండూ నూలే ఉన్న గుడ్డ మిల్లు నూలుతో నెయ్యగలిగారు. ఇప్పుడు వచ్చింది చిక్కు. అలాంటి గుడ్డ మీద అచ్చు కొడితే 1721 చట్టం ప్రకారం నేరం! మన గుడ్డని ఆపడానికి కట్టిన గోడ వాళ్ల గుడ్డకే అడ్డమొచ్చింది. ఆర్క్‌రైట్, అతని భాగస్వాములు పార్లమెంటుకి అర్జీ పెట్టుకున్నారు. 1774లో కొత్త చట్టం వచ్చింది: బ్రిటన్‌లో వడికి, బ్రిటన్‌లో నేసిన నూలు గుడ్డ మీద అచ్చు వెయ్యొచ్చు. చదరపు గజానికి 3 పెన్నీల ఎక్సైజు, అంటే దేశంలో తయారైన సరుకు మీద వేసే పన్ను, కట్టాలి. గుర్తు కోసం గుడ్డ రెండు అంచుల్లోనూ మూడేసి నీలి పోగులు నెయ్యాలి. ఆ మూడు పోగులు లేకపోతే అది బయటి సరుకు కింద లెక్క. 1811 దాకా ఈ నిబంధన నడిచింది. మ్యూజియాల్లో ఈ రోజుకీ పాత ఇంగ్లీషు గుడ్డ తేదీ కట్టడానికి ఆ అంచే చూస్తారు. నాకైతే పారిశ్రామిక విప్లవం అనగానే పొగగొట్టం కంటే ముందు ఈ మూడు నీలి పోగులు గుర్తుకొస్తాయి. పార్లమెంటు నేసిన పోగులవి.

అదే 1774లో ఇంకో చట్టం: నూలు పరిశ్రమ పనిముట్లు దేశం దాటించకూడదు. నిపుణులైన పనివాళ్లు విదేశాలకి వెళ్లడం మీద నిషేధం 1719 నుంచే ఉంది, 1824 దాకా సాగింది. యంత్రాల ఎగుమతి నిషేధం పూర్తిగా పోయింది 1843లో. శామ్యూల్ స్లేటర్ అనే యువకుడు ఆర్క్‌రైట్ యంత్రాల తీరు మొత్తం బుర్రలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా 1789లో అమెరికా ఓడెక్కాడు. అక్కడ అతన్ని అమెరికా పరిశ్రమల పితామహుడంటారు, పుట్టిన ఊళ్లో ద్రోహి అన్నారు. స్వేచ్ఛా వాణిజ్యానికి పుట్టిల్లు అని చెప్పుకునే దేశంలో టెక్నాలజీ బయటికి పోకుండా ఇంత కాపలా!

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గోడ కట్టగానే పరిశ్రమ వచ్చేస్తుందని అర్థం చేసుకోవద్దు. ఫ్రాన్సు ఇంగ్లండు కంటే ముందే, 1686లోనే, అద్దకం గుడ్డ నిషేధించింది. ఇంకా కఠినంగా నిషేధించింది. దిగుమతే కాదు, దేశంలో అద్దకం వెయ్యడం కూడా నేరమంది. 1759 దాకా, అంటే 73 ఏళ్లు. దొంగరవాణా చేసినవాళ్లని ఓడల్లో తెడ్లు వేసే శిక్షకి పంపారు. పొగాకు, అద్దకం గుడ్డ దొంగరవాణా చేసిన మాండ్రాఁ అనేవాణ్ణి 1755లో వాలెన్స్‌లో చక్రం మీద ఎముకలు విరగ్గొట్టి చంపారు. ఇంత చేసినా ఫ్రాన్సు నూలు పరిశ్రమ ఇంగ్లండుని అందుకోలేదు. తేడా ఎక్కడుంది? ఇంగ్లండు గోడ లోపల పని నేర్చుకోవడానికి చోటుంది, ఫ్రాన్సు గోడ లోపల ఆ పనే నేరం. పైగా ఇంగ్లండులో చట్టం చేసినవాళ్లు నూలు పరిశ్రమ కోసం చెయ్యలేదు. ఉన్నినీ పట్టునీ కాపాడదామని చేస్తే నూలు పెరిగింది. రాజ్యానికి భవిష్యత్తు కనపడుతుందని నేను అనడం లేదు. ఎవరి ఒత్తిడి ఎక్కువుంటే అటు మొగ్గింది. 1700లో ఈస్టిండియా కంపెనీ కూడా పార్లమెంటులో పోరాడింది, ఓడిపోయింది. అది కూడా రాజ్యం పెంచిన బిడ్డే కదా.

అలాగే ఆవిష్కర్తల తెలివినీ తగ్గించడం లేదు. పార్లమెంటు ఎన్ని చట్టాలు చేసినా వాటర్ ఫ్రేము దానంతటదే పుట్టదు. క్రాంప్టన్ మ్యూల్ అనే వడికే యంత్రం కనిపెట్టి సంపాదించుకోలేకపోతే 1812లో పార్లమెంటే అతనికి 5,000 పౌన్లు ఇచ్చింది. ఆర్క్‌రైట్ పేటెంటుని 1785లో కోర్టు కొట్టేసింది. దాంతో ఆ యంత్రం అందరికీ అందుబాటులోకి వచ్చింది. అది కూడా రాజ్యం చేసిన పనే, కోర్టు రూపంలో.

మరి రాజ్యానికి ఈ పరిశ్రమల మీద ఎందుకంత ఆసక్తి? దేశభక్తి అనకండి. దానికి డబ్బు కావాలి, ఎందుకంటే యుద్ధాలున్నాయి. 1694లో ఫ్రాన్సుతో యుద్ధంలో విలియం రాజు ఖజానా ఖాళీ. లండను ధనవంతులు కలిసి ప్రభుత్వానికి 12 లక్షల పౌన్లు అప్పిచ్చారు, వడ్డీ ఏటా 8 శాతం. చందాలు 12 రోజుల్లో నిండిపోయాయి. అప్పిచ్చినందుకు వాళ్లకి బ్యాంకు పెట్టుకునే హక్కు దొరికింది. అదే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్. ప్రభుత్వం అప్పు ఎగ్గొడుతుందనే టెన్షన్ ఉన్నచోట ఎవరూ 8 శాతానికి ఇవ్వరు. ఇక్కడ అప్పు తీర్చే పూచీ రాజుది కాదు, పార్లమెంటుది. పార్లమెంటులో కూర్చున్నవాళ్లలో అప్పిచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ వడ్డీ కట్టడానికి పన్నులు కావాలి. బీరు, ఉప్పు, సబ్బు, కొవ్వొత్తి, తోలు, దేన్నీ వదలకుండా ఎక్సైజు వేశారు. 18వ శతాబ్దంలో బ్రిటిష్ పౌరుడి మీద పన్ను భారం ఫ్రెంచివాడి కంటే ఎక్కువ. ఎక్సైజు ఉద్యోగి గజం కర్ర, సిరాబుడ్డి పట్టుకుని ఊరూరా తిరిగి సరుకు కొలిచి ముద్ర వేసేవాడు. ఆ డబ్బులో సింహభాగం యుద్ధానికీ, పాత యుద్ధాల అప్పు మీద వడ్డీకీ పోయింది. నౌకాదళం ఆ డబ్బుతోనే పెరిగింది. ఆ నౌకాదళమే సముద్రం మీద బ్రిటిష్ ఓడలకి కాపలా. సామాన్యుడు సబ్బు మీద కట్టిన పన్ను ధనవంతుడి చేతికి వడ్డీగా చేరింది. ఇందులో మార్కెట్టు ఎక్కడ ఆగింది, రాజ్యం ఎక్కడ మొదలైంది అని గీత గియ్యమంటే నా వల్ల కాదు.

మిల్లులో పనికి మనుషులు కావాలి. వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? 1604 నుంచి 1914 మధ్య ఇంగ్లండు పార్లమెంటు 5,200కి పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. ఊరి ఉమ్మడి భూములకి కంచె వేసి ప్రైవేటు ఆస్తిగా పంచే చట్టాలవి. మొత్తం 68 లక్షల ఎకరాలు, ఇంగ్లండు విస్తీర్ణంలో అయిదో వంతు. ఆవుని మేపుకోవడానికి, పుల్లలు ఏరుకోవడానికి పేదవాడికి తాతల నాటి నుంచి ఉన్న హక్కు ఒక్క చట్టంతో పోయింది. ఇలా జరిగిందంతా కలిపి మార్క్స్ ఆదిమ సంచయం, అంటే పెట్టుబడి మొదట్లో పోగుపడిన తీరు, అన్నాడు. అయితే కంచె వేసిన మర్నాడే అందరూ మాంచెస్టర్ రైలెక్కారని అనుకోకండి. అసలు రైళ్లు లేవు, జనాభా పెరుగుదల కూడా ఒక కారణం, చరిత్రకారులు దీని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కంచె వేసింది చట్టం అన్న విషయంలో మాత్రం వాదన లేదు.

మిల్లులోకి వచ్చినవాళ్లు కూలి కోసం కలిసి నిలబడితే? 1799, 1800ల్లో కాంబినేషన్ చట్టాలు చేసి సంఘం పెట్టడమే నేరమన్నారు, 1824 దాకా అలాగే ఉంచారు. యంత్రాల వల్ల పని పోయినవాళ్లు మగ్గాలు, ఫ్రేములు విరగ్గొడితే? 1812లో ఉరిశిక్ష చట్టం చేశారు. ప్రభువుల సభలో కవి బైరన్ తన మొదటి ప్రసంగం ఆ చట్టానికి వ్యతిరేకంగానే చేశాడు, ఎవరూ వినలేదు. ఆ అల్లర్లు అణచడానికి ఇంగ్లండులోనే దాదాపు 12,000 మంది సైనికుల్ని దింపారు. మరి మిల్లుకి దూది ఎక్కడిది? ఎక్కువ భాగం అమెరికా బానిసలు పండించింది. 1833లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేసింది, మంచిదే. అప్పుడు 2 కోట్ల పౌన్లు నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకి కాదు, వాళ్ల యజమానులకి. ప్రభుత్వం ఆ ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. దానికి చేసిన అప్పు తాలూకు బాండ్లు పూర్తిగా తీరింది 2015లో.

ఇప్పుడు మళ్లీ మన తీరానికి వద్దాం. నేతవాడి దగ్గర మొదట్లో ఒక బలం ఉండేది. సాహుకారు దగ్గర బయానా తీసుకుంటాడు. నచ్చకపోతే ఆ డబ్బు తిరిగిచ్చేసి ఇంకొకరికి నేస్తాడు. ఊళ్లో అధికారి మరీ పీడిస్తే సేనాపతి, అంటే నేతవాళ్ల పెద్ద, అందరినీ వెంటేసుకుని ఇంకో సంస్థానానికి పోతాడు. నేతవాళ్లు వస్తే పన్ను వస్తుంది కాబట్టి పక్క జమీందారు రాయితీలిచ్చి మరీ పిలుస్తాడు. డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు, ఊరి వర్తకులు, ఇంతమంది కొనేవాళ్లు పోటీ పడుతున్నప్పుడు నేతవాడి మాటకి విలువుంది.

1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డ్ బందరు కోటని ఫ్రెంచివాళ్ల నుంచి పట్టుకున్నాడు. 1765లో మొగలు పాదుషా షా ఆలం ఫర్మానాతో, 1766లో నిజాంతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీకి వచ్చాయి. 500 పగోడాలు కట్టిన వర్తకుడు ఇప్పుడు సర్కారయ్యాడు. కొనేవాడే పాలకుడైతే ఏం జరుగుతుందో ఇంజరం, మాధవాయపాలెం, విశాఖపట్నం ఫ్యాక్టరీల, అంటే కంపెనీ సరుకు కొనే కోఠీల, చుట్టూ ఉన్న నేతవాళ్లు చూశారు. కంపెనీ బయానా తీసుకున్నవాడు ఇంకెవరికీ నెయ్యకూడదు. గుడ్డకి తరగతి కట్టేది కంపెనీ, వెల చెప్పేది కంపెనీ. బాకీ ఉన్నవాడి ఇంటి ముందు బంట్రోతు కూర్చుంటాడు. ఊరు విడిచి పోదామంటే పక్క జమీందారు కూడా కంపెనీ కిందివాడే. 18వ శతాబ్దం చివరి రోజుల్లో గోదావరి, విశాఖ ప్రాంతాల్లో నేతవాళ్లు మళ్లీ మళ్లీ మగ్గాలు ఆపి ఎదురు తిరిగారంటే ఊరికే కాదు. ఇంకో సంగతి. అంతకు ముందు ఈ గుడ్డ కొనడానికి కంపెనీ ఇంగ్లండు నుంచి వెండి తేవాల్సి వచ్చేది. బెంగాల్ దివానీ, అంటే అక్కడ శిస్తు వసూలు చేసుకునే హక్కు, వచ్చాక అక్కడి రైతుల శిస్తుతోనే అక్కడి గుడ్డ కొని ఓడకెక్కించింది. ఇంత హాయైన వ్యాపారం మార్కెట్టు గురించిన ఏ పాఠ్యపుస్తకంలోనూ కనపడదు.

బందరు నేత 1721 చట్టంతో చచ్చిపోయిందని కొందరు ఆవేశంగా రాస్తారు. అది సరికాదు. పర్షియాకి మన కలంకారీ తర్వాత కూడా చాలాకాలం పోయింది. తెల్ల గుడ్డ, మస్లిన్ లండను వేలంపాటల్లో 18వ శతాబ్దమంతా అమ్ముడయ్యాయి. అసలు దెబ్బ యంత్రం, సుంకం రెండూ కలిసినప్పుడు తగిలింది. 1813లో మన నూలు, పట్టు గుడ్డ బ్రిటిష్ మార్కెట్లో అక్కడి గుడ్డ కంటే సగానికి సగం తక్కువ ధరకి కూడా లాభంగా అమ్ముడుపోగలదని, అందుకే 70, 80 శాతం సుంకమో పూర్తి నిషేధమో పెట్టారని ఆ కాలపు చరిత్రకారుడు హెచ్.హెచ్. విల్సన్ రాశాడు. అతను కంపెనీ ఉద్యోగమే చేసినవాడు. ఆయన చెప్పిన ధరల తేడా అన్ని రకాలకీ వర్తించకపోవచ్చు, సుంకం మాత్రం నిజం. ఇటు బ్రిటిష్ గుడ్డ మన రేవులో దిగితే సుంకం నామమాత్రం. పైగా మన నేతవాడు మగ్గం మీద మోతర్ఫా పన్ను కట్టాలి.

ఆడమ్ స్మిత్ గురించి ఎవరైనా అడుగుతారని తెలుసు, నేనే చెప్పేస్తాను. ఆయన గుత్త కంపెనీల్ని ఏకిపారేసినవాడు, మన తీరంలో కంపెనీ చేసినదాన్ని సమర్థించినవాడు కాదు. 1778లో ఆయనకి స్కాట్లాండులో కస్టమ్స్ కమిషనర్ ఉద్యోగం వచ్చింది. దిగుమతి నిషేధం ఉన్న సరుకుల జాబితా చేతికొస్తే ఇంటికెళ్లి బీరువా తీసి చూసుకున్నాడు. మెడపట్టీ, చేతి కుచ్చు, జేబురుమాలు, దాదాపు ఏదీ చట్టప్రకారం తన దగ్గర ఉండాల్సింది కాదు. అన్నీ తగలబెట్టేశానని 1780లో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. స్వేచ్ఛా వాణిజ్యం బోధించిన మహానుభావుడి ఒంటి మీద బట్టల్ని కూడా వదలని రాజ్యమది!

ఇంగ్లండు సుంకాల గోడలు తీసింది ఎప్పుడు? బయటి ధాన్యం మీద సుంకం వేసే ధాన్యం చట్టాలు 1846లో, సరుకు రవాణాలో బయటి ఓడల్ని అడ్డుకునే నౌకాయాన చట్టాలు 1849లో. అప్పటికి పోటీలో ఎవరూ లేరు. వెనక వచ్చినవాళ్లు ఇంగ్లండు చెప్పింది వినలేదు, చేసింది చూశారు. అమెరికా 1816లో నూలు గుడ్డ మీద 25 శాతం సుంకం వేసింది. అందులో తెలివి చూడండి: గజం ఎంత చవకైనా సరే 25 సెంట్ల కింద లెక్కగట్టి సుంకం వసూలు చెయ్యాలి. చవక గుడ్డ ఎవరిది? ఎక్కువగా మనదే. జపాను చేతులు మాత్రం కట్టేసి ఉన్నాయి. 1866 ఒప్పందంతో సుంకం 5 శాతం దాటకూడదు, పూర్తి స్వేచ్ఛ 1911లో గాని రాలేదు. అందుకని ప్రభుత్వమే 1872లో తొమియోకాలో ఫ్రెంచి యంత్రాలతో పట్టు మిల్లు పెట్టింది, 1873లో భూమి పన్నుని ధాన్యం నుంచి నగదుకి మార్చి ఆ డబ్బు పోగుచేసింది, పని నేర్చుకున్నాక 1893లో ఆ మిల్లుని మిత్సుయీ అనే ప్రైవేటు వ్యాపార సంస్థకి అమ్మేసింది. సుంకం లేనిచోట ఖజానాతో పని నడిపించారు.

ఇక ప్రశ్నలు.

(ప్రశ్న: అంటే రాజ్యం పెట్టుబడిదారుల చేతిలో కీలుబొమ్మ అంటారా?)

అనను. కీలుబొమ్మ అయితే దారం పట్టుకున్నది ఒక్కరే ఉండాలి. ఉన్నివాళ్లు ఒక పక్కకి, కంపెనీ ఒక పక్కకి, లాంకషైర్ ఇంకో పక్కకి లాగారు. రాజ్యానికి సొంత ఆకలి ఉంది, పన్ను, సైన్యం. 1833 ఫ్యాక్టరీ చట్టంలో పిల్లల పనిగంటలు తగ్గించి నలుగురు ఇన్‌స్పెక్టర్లని వేసింది కూడా ఆ రాజ్యమే. దేశం మొత్తానికి నలుగురే అన్నది వేరే సంగతి. మిల్లు యజమానులు ఎంత గింజుకున్నా ఆ నలుగురి రిపోర్టులు అచ్చయ్యాయి, తర్వాత వచ్చినవాళ్లకి అవే ఆయుధాలయ్యాయి.

(ప్రశ్న: ఇండియాలో బ్రిటిష్ ప్రభుత్వం స్వేచ్ఛా వాణిజ్యమే పాటించింది కదా, మన మిల్లుల్ని ఆపలేదు కదా?)

బొంబాయి, అహ్మదాబాద్ మిల్లులు వచ్చిన మాట నిజమే, భారతీయుల డబ్బుతోనే వచ్చాయి. ఇప్పుడు సుంకాల కథ వినండి. 1882లో నూలు గుడ్డ మీద దిగుమతి సుంకం పూర్తిగా ఎత్తేశారు. 1894లో ఖజానాకి డబ్బు చాలక మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. లాంకషైర్ ఊరుకుంటుందా? దాని నోరు ముయ్యడానికి మన మిల్లుల నూలు మీద కూడా ఎక్సైజు వేశారు. 1896లో లెక్క సరిచేశారు: బయటి గుడ్డ మీద మూడున్నర శాతం దిగుమతి సుంకం, మన మిల్లు గుడ్డ మీద మూడున్నర శాతం ఎక్సైజు. తన దేశపు మిల్లు గుడ్డకి నీలి పోగుల రక్షణ ఇచ్చిన ప్రభుత్వం మన మిల్లు గుడ్డకి ఇచ్చింది ఇది. దీన్నే వాళ్లు స్వేచ్ఛా వాణిజ్యం అన్నారు.

ఈ ఎక్సైజు తియ్యమని మన నాయకులు 30 ఏళ్లు తీర్మానాలు చేశారు, అర్జీలు పెట్టారు. 1925లో బొంబాయి మిల్లు యజమానులు నష్టాలని చెప్పి కార్మికుల కూలి పదకొండున్నర శాతం కోశారు. సెప్టెంబరులో మొదలైన సమ్మెలో మిల్లులన్నీ మూతపడ్డాయి. ఎక్సైజు తీసేస్తే కోత వెనక్కి తీసుకుంటామని యజమానులు ప్రభుత్వానికి చెప్పారు. డిసెంబరులో వైస్రాయ్ ఎక్సైజు నిలిపేశాడు, యజమానులు పాత కూలి ఇచ్చారు, కార్మికులు పనిలోకి వెళ్లారు.